పాటతో లోకమును దిద్దిన భాగవతులు

భగవత్ప్రాప్తికి కృతయుగమున ధ్యానమును, త్రేతాయుగమున యజ్ఞమును, ద్వాపరయుగమున అర్చనమును సాధనములుగా చెప్పిన పురాణములు, కలియుగమునకు సంకీర్తనమును విధించినవి. ఇందులో గొప్ప కరుణ ఇమిడియున్నది. ధ్యానమునకు నిశ్చలమైన మనస్సు కావలయును. యజ్ఞమునకు ద్రవ్యము, ఋత్విక్కులు, అధికారము కావలయును. అర్చనమునకు ఆలయము, ఆచారము, అవకాశము కావలయును. సంకీర్తనమునకు నాలుక ఒక్కటి చాలును. పొలము దున్నువాడును, పిండి విసరు ఇల్లాలును, కొండ మెట్లెక్కు యాత్రికుడును చేయుచున్న పని మానకయే ఆచరింపదగిన సాధనము అది యొక్కటియే.

అయితే ఆ నాలుకకు మాటను, ఆ మాటకు వరుసను అందించువాడు ఒకడు ఉండవలయును. అతడే వాగ్గేయకారుడు. వాక్కును గేయమును కూడ తానే కూర్చువాడు గనుక అతనికి ఆ పేరు వచ్చినది. లోకమును తీర్చిదిద్దుటలో అతని స్థానము ఎంత గొప్పదో, అందువలన అతని బాధ్యత ఎంత బరువైనదో విచారింపదగియున్నది. రాజు ఆజ్ఞ రాతిమీద నిలుచును. పండితుని భాష్యము తాళపత్రమునందు నిలుచును. పదకర్త మాట తల్లి నోట నిలుచును. రాతిని చదువుటకు అక్షరజ్ఞానము కావలయును. భాష్యమునకు గురుశుశ్రూష కావలయును. తల్లి నోటి పాట మాత్రము ఉయ్యాలలోని శిశువును తానే వెదకికొని వచ్చును. శాస్త్రము తలుపు తట్టి లోనికి వచ్చునది. పాట తలుపు తట్టకయే వచ్చునది. కనుకనే ఆ పాట ఎట్టిదను ప్రశ్న చిన్నది కాదు.

ఆళ్వారుల పాట – నాథమునుల అన్వేషణము

శ్రీవైష్ణవ సంప్రదాయమునకు పాటయే పునాది. పన్నిద్దరాళ్వారులు శాస్త్రవాదములు చేసి జనులను త్రిప్పలేదు. తమ తమిళ భాషలో, తమ నేలకు తెలిసిన వరుసలలో పాడిరి. ఆ పాశురములు నాలుగు వేలు కాలక్రమమున మరుగున పడినవి. వీరనారాయణపురమున నున్న నాథమునులు, యాత్రికులు పాడిన పది పాశురములు వినిరి. అవి వేయింటిలో పది యని ఆ పాటయే తెలుపుచున్నది. మిగిలినవి ఏవని అడుగగా పాడినవారికి తెలియదు. అంతట నాథమునులు నమ్మాళ్వారుల జన్మస్థలమైన కురుకూరునకు పోయి, మధురకవి యాళ్వారుల చిన్న ప్రబంధమును పండ్రెండు వేల పర్యాయములు అనుసంధించి, నమ్మాళ్వారుల అనుగ్రహమువలన నాలాయిరమును పొందిరని గురుపరంపర చెప్పుచున్నది.

ఇచ్చట గమనింపవలసిన దొకటి కలదు. నాథమునులు ఆ ప్రబంధమును గ్రంథముగా కట్టి పెట్టెలో భద్రపరుపలేదు. తమ మేనల్లుండ్రు ఇరువురకు గానముగా నేర్పిరి. శ్రీరంగము, శ్రీవిల్లిపుత్తూరు, ఆళ్వార్ తిరునగరి, మేల్కోట క్షేత్రములయందు నేటికిని జరుగు అరైయర్ సేవకు మూలము ఆ శిక్షణమే యని సంప్రదాయము. గ్రంథము దొరికిన మాత్రమున పాట దొరికినట్లు కాదని, పాడు గొంతు దొరకినప్పుడే పాట బ్రదికినట్లని ఆ ఆచార్యులు ఎరిగియుండిరి.

ఆ పాట ఎంత దూరము వచ్చినదో చూడుడు. ఉత్సవమున స్వామి వీథులలో వేంచేయునప్పుడు ప్రబంధగోష్ఠి ముందు నడచును; వేదపారాయణగోష్ఠి వెనుక నడచును. ధనుర్మాసము వచ్చినంతనే తిరుమల ఆలయమున సుప్రభాతమునకు బదులు గోదాదేవి తిరుప్పావై వినిపించును. తమిళ మొక్క ముక్కయు రాని తెలుగు ఇల్లాండ్రు తెల్లవారుజామున దీపము వెలిగించి, తెలుగు లిపిలో అచ్చువేసిన ముప్పది పాశురములను పారాయణము చేయుచున్నారు. ఏ ప్రభువు ఆజ్ఞాపించినను ఒక భాషవారు మరియొక భాషను ఇంత ప్రేమతో ఇంటిలోనికి తెచ్చుకొందురా? ఒక కన్య పాడిన పాట ఆ పని చేసినది.

తాళ్లపాకవారి మార్గము

తెలుగునాట ఈ మార్గమునకు బాట వేసినవారిలో సింహాచల క్షేత్రమునకు చెందిన కృష్ణమాచార్యులు పూర్వులు. సింహగిరి నరహరిని సంబోధించుచు ఆయన పలికిన వచనములు తెలుగున భక్తిగేయ సాహిత్యమునకు తొలి మెట్టు. ఆ బాటను రాజమార్గముగా చేసినవారు తాళ్లపాక అన్నమాచార్యులు.

రాజంపేట సమీపమునందలి తాళ్లపాక గ్రామమున 1408లో నారాయణసూరి, లక్కమాంబ దంపతులకు ఆయన జన్మించిరి. పదునారవ యేట, అనగా 1424లో, స్వామి సాక్షాత్కరించినది మొదలు సంకీర్తనములు చెప్పనారంభించి, 1503లో ఫాల్గుణ బహుళ ద్వాదశినాడు పరమపదించు వరకు చెప్పుచునే యుండిరని రాగిరేకులు తెలుపుచున్నవి. అహోబలమున ఆదివన్ శఠగోపయతుల సన్నిధిని వేదాంతమును అభ్యసించిరి. ముప్పది రెండు వేల సంకీర్తనములు రచించిరని మనుమడు చిన్నన్న ద్విపదగా వ్రాసిన చరిత్రము వలన తెలియుచున్నది. నేడు లభించుచున్నవి అందులో సగమునకును తక్కువ.

సంఖ్య గొప్పదే. కాని లోకమును దిద్దినది సంఖ్య కాదు, ఆయన ఎన్నుకొన్న మార్గము. అన్నమాచార్యులు సంస్కృతమున సంకీర్తన లక్షణమును రచించిన పండితులు. ప్రౌఢకావ్యము వ్రాసి రాజసభలో మెప్పు పొందుటకు వలసిన పాండిత్యమంతయు ఆయనకు కలదు. అయినను ఆయన రోటికడ వినిపించు సువ్విపాటను, ఉయ్యాలకడ వినిపించు లాలిని జోలను, వసంతమున పాడు జాజరను, సంక్రాంతికి ఆడు గొబ్బిని, పనివాండ్రు పాడు ఏలపదమును, వీథిలో చిందువేయు తందనానను చేతికి తీసికొనిరి. పెండ్లి యింటి తలంబ్రాలపాట, నలుగుపాట, మంగళహారతి ఏదియు విడువలేదు. ఆ పాటలన్నియు అంతకుముందే జనుల నోట నున్నవే. వానిని వలదనలేదు, హేయమని తిట్టలేదు. వానిలో వేంకటేశ్వరుని నిలిపిరి. దంచు రోకలి ఆగలేదు, ఆడు పాదము ఆగలేదు; మనస్సు మాత్రము ఏడుకొండలెక్కినది.

లోకోపదేశమున ఇంతకంటె నేర్పైన పద్ధతి లేదు. జనుల అలవాటును మాన్పుట కష్టము; అలవాటును భగవంతునివైపు త్రిప్పుట సులభము. మాన్పబోయినవానికి లోకము శత్రువగును, త్రిప్పినవానికి శిష్యుడగును.

ఈ కార్యమున ఇల్లాండ్రకు గల భాగము మరువరానిది. అన్నమాచార్యుల ధర్మపత్ని తిమ్మక్క సుభద్రాకల్యాణమును పాడుకొనుటకు అనువైన రీతిలో రచించినది. అనంతర కాలమున తరిగొండ వెంగమాంబ (1730–1817) తిరుమలలోనే నివసించి భక్తిగేయములను, కావ్యములను రచించినది. నేటికిని తిరుమలేశుని ఏకాంతసేవలో తాళ్లపాకవారి లాలియు, వెంగమాంబ ముత్యాలహారతియు జరుగుచున్నవి. జగత్తును నిద్రపుచ్చు స్వామిని నిద్రపుచ్చుట ఒక పల్లెటూరి జోలపాట భాగ్యమైనది.

ఎవరిని పాడవలయును?

పాటకు ఇంత శక్తి యున్నది గనుకనే దానిని తమ కొరకు వాడుకొనగోరువారు ఎల్లప్పుడును ఉందురు. సాళువ నరసింహరాయలు అన్నమాచార్యులను ఆదరించిన ప్రభువు. స్వామిపై ఆచార్యులు చెప్పిన శృంగార పదమును విని పరవశించి, అట్టి పదమునే తనపై చెప్పుమని కోరెను. ఆచార్యులు చెవులు మూసికొని శ్రీహరిని స్మరించిరి. హరిని కీర్తించు నాలుకతో నరుని కీర్తింపజాలనని నిరాకరించిరి. రాజు కోపించి సంకెల వేయించెను. ఆచార్యులు స్వామిని కీర్తింపగా సంకెల తనంత తాను ఊడెననియు, రాజు పశ్చాత్తప్తుడై పాదములపై బడెననియు చరిత్రము చెప్పుచున్నది.

ఈ కథలో మహిమ ఎంతయో, వివేకమును అంతయే. రాజు అడిగినది ధనము కాదు, రాజ్యము కాదు, ఒక్క పాట. ఆ ఒక్క పాట చెప్పియున్నచో ఆచార్యులకు అగ్రహారములు దక్కియుండును. కాని మరునాడు అదే నాలుక గోవిందునిపై చెప్పిన పాటను విన్నవాడు, ఇది భక్తియా, జీవనోపాయమా అని సందేహించియుండును. పదకర్తకు శబ్దము ధనము కాదు. విన్నవాని విశ్వాసమే ధనము. దానిని ఆయన అమ్ముకొనలేదు.

త్యాగరాజస్వామి (1767–1847) జీవితమునందును ఇదియే కనబడును. తంజావూరు ప్రభువు పిలిచినను కొలువునకు పోక, తిరువైయారు వీథులలో ఉంఛవృత్తి చేయుచు రాముని పాడుకొనిరని సంప్రదాయము. ఆయనను పోషింపగోరిన రాజుల నగరులు చరిత్రలో కలిసిపోయినవి. పిడికెడు బియ్యము వేసిన ఇల్లాండ్రు విన్న పాట దక్షిణదేశమంతటను నిండినది.

బాలశిక్ష నుండి భజనగోష్ఠి వరకు

కర్ణాటదేశమున పురందరదాసులు (1484–1564) మరియొక విధముగా లోకమును దిద్దిరి. మొదట ధనార్జనయే పరమార్థముగా నున్న వర్తకుడు, వైరాగ్యము కలిగి సర్వమును విడిచి హరిదాసుడైన కథ సుప్రసిద్ధము. ఆయన పెద్దవారికి పదములు చెప్పి ఊరకుండలేదు. సంగీతము నేర్వగోరు బాలునకు మాయామాళవగౌళ రాగమున సరళీస్వరములు, జంటస్వరములు, అలంకారములు, అటుపై గీతములు అను క్రమమును ఏర్పరచిరని సంప్రదాయము. నేటికి తెలుగు బాలిక గాని, తమిళ బాలుడు గాని సంగీతాభ్యాసమునకు కూర్చున్నచో మొదటి పాఠము అదియే. పాటలు కట్టినవారు పలువురు గలరు. పాడుటకు లోకమునకు నేర్పినవారు కొందరే. కనుకనే ఆయనకు సంగీత పితామహుడను కీర్తి కలిగినది. త్యాగరాజస్వామి ప్రహ్లాదభక్తివిజయమున పురందరదాసులకు నమస్కరించియుండుట, వాగ్గేయకారుల గురుపరంపర భాషాభేదమును పాటింపదనుటకు నిదర్శనము.

పదునేడవ శతాబ్దిలో భద్రాచల రామభక్తుడైన కంచర్ల గోపన్న గోల్కొండ చెరసాలనుండి పాడిన కీర్తనలు భజనగోష్ఠులకు ప్రాణములైనవి. గొప్ప గాత్రము అక్కరలేదు. తాళము, చిడతలు, పదిమంది గొంతులు చాలును. ఆ రామదాసును త్యాగరాజస్వామి తమ కీర్తనలలో స్మరించిరి. తమిళదేశమున జన్మించి, తమిళుల నడుమ జీవించిన త్యాగరాజస్వామి తెలుగున పాడుటవలన, ఆ దేశపు విద్వాంసులు తరతరములుగా తెలుగు మాటలను శ్రద్ధతో నేర్చుకొనుచున్నారు. తిరుప్పావై తెలుగు ఇంటికి తమిళమును తెచ్చినట్లే, రామకీర్తన తమిళ ఇంటికి తెలుగును తీసికొనిపోయినది. భక్తుల పాట భాషలకు కట్టిన వారధి.

రాగి నిలిపినది, గొంతు నిలిపినది

అన్నమాచార్యుల కుమారులు పెదతిరుమలాచార్యులు దూరదృష్టి గలవారు. తండ్రిగారి సంకీర్తనములను రాగిరేకులపై చెక్కించి తిరుమల ఆలయమున సంకీర్తన భాండారమునందు భద్రపరచిరి. ఆ రేకులు రెండు వేలకు పైబడియున్నవి. రాయి కరగవచ్చును, తాటియాకు చెదలు తినవచ్చును, రాగి నిలుచునని వారు తలచిరి. రాగి నిలిచినది. కాని కాలము మారి పాడు పరంపర పలుచబడినది. కొన్ని శతాబ్దములు ఆ భాండారము మౌనముగా నుండెను. ఏకాంతసేవ వంటి కొన్ని సేవలలో తప్ప ఆ పాటలు లోకమునకు వినబడలేదు.

ఇరువదవ శతాబ్ది ఆరంభమున, 1922 ప్రాంతమున, సాధు సుబ్రహ్మణ్యశాస్త్రిగారి కృషివలన ఆ రేకులు వెలుగులోనికి వచ్చినవి. వేటూరి ప్రభాకరశాస్త్రిగారు (1888–1950) వానిని పరిష్కరించుటలో పాటుపడి, చిన్నన్న రచించిన అన్నమాచార్య చరిత్రమును విపులమైన పీఠికతో 1949లో ప్రకటించిరి. అక్షరములు దొరకినవి. కాని పాట దొరకినదా? రేకులపై ప్రతి పదమునకును రాగము పేరు చెక్కియున్నది, స్వరము లేదు. కొండమలహరి, అమరసింధు వంటి రాగములు వాడుకనుండియే తప్పినవి. సాహిత్యము రాగిలో భద్రముగా నున్నది. సంగీతము గాలిలో కలిసిపోయినది.

త్యాగరాజస్వామి కీర్తనలను ఎవ్వరును రాగిపై చెక్కలేదు. ఉమయాళ్‌పురము, తిల్లైస్థానము, వాలాజాపేట శిష్యులు గురుముఖమున నేర్చి, తమ శిష్యులకు నేర్పిరి. వానిలో వరుస సహితముగా నేటికి నిలిచినవి అనేకములు. రాగికంటె గొంతు గట్టిదని ఈ రెండు చరిత్రలు ప్రక్క ప్రక్కన నిలిపి చూచినవారికి తెలియును. అట్లని రాగిని చిన్నచూపు చూడరాదు. రాగి లేనిచో గొంతునకు పలుకుటకు మాటయే యుండెడిది కాదు. భాండారము పాటకు గర్భాలయము. గృహము దానికి ఉత్సవవీథి. రెండును ఉండవలయును.

రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు (1893–1979) అన్నమాచార్యుల పదములకు స్వరరచన చేసి మరల పాటగా నిలుపుటకు పూనిరి. 1978లో తిరుమల తిరుపతి దేవస్థానములు అన్నమాచార్య ప్రాజెక్టును ఆరంభించినవి. నేదునూరి కృష్ణమూర్తిగారు (1927–2014), గరిమెళ్ళ బాలకృష్ణప్రసాద్‌గారు (1948–2025) మొదలగువారు వందలకొలది పదములకు వరుసలు కూర్చిరి. 1963లో సుప్రభాతమును గ్రామఫోను రికార్డుద్వారా ఇంటింట వినిపించిన ఎం.ఎస్. సుబ్బులక్ష్మిగారు, తరువాత అన్నమాచార్యుల పదములను కూడ పాడిరి. విజయవాడ ఆకాశవాణిలో బాలాంత్రపు రజనీకాంతరావుగారు (1920–2018) తీర్చిన భక్తిరంజని ఎన్నియో ఇండ్లకు ఉదయకాల నియమమైనది. 1997లో వచ్చిన అన్నమయ్య చలనచిత్రము ఆ పేరును పసిపిల్లలకు కూడ ఎరుకపరచినది. నాలుగు శతాబ్దముల మౌనము ఒక శతాబ్దిలోపల తొలగినది.

వరుసను గూర్చిన వివేకము

ఈ సందర్భమున ఒక శంక తరచుగా వినబడుచుండును. భజనలలో సినిమా వరుసలు వాడవచ్చునా? కొందరు అది మహాపచారమందురు. కొందరు జానపదుల వరుసలను అన్నమాచార్యులు వాడలేదా అని ప్రశ్నింతురు. ఇరువురి మాటయందును కొంత సత్యము కలదు.

వరుసకు స్వతః దోషము లేదు. అది పాత్ర వంటిది. రోటిపాట వరుసలో వేంకటపతిని నిలిపినప్పుడు, ఆ తరువాత దంపుడు పాట విన్నవారికిని స్వామియే స్ఫురించెను. పాత్ర ఏదైనను అందులో పోసినది తీర్థము. త్రాగినవాడు తీర్థమునే తలచినాడు. నేడు ఒక వరుసలో హరినామమును ఇమిడ్చి పాడినప్పుడు, విన్నవాని మనస్సు హరిని చేరినచో దోషము లేదు. వరుస వినబడగనే తెరమీది బొమ్మయే కన్నులలో మెదలినచో, హరినామము అచ్చట అతిథిగానైన నిలువదు. పాట మనస్సును ఎచ్చటికి కొనిపోవుచున్నదను దానినిబట్టియే నిర్ణయము చేసికొనవలయును.

మరియొక ధర్మము కలదు. అన్నమాచార్యుల పదములకు నేడు వినబడు వరుసలలో బహుభాగము ఇటీవలి విద్వాంసులు కూర్చినవి. అవి ఎంత మధురములైనను, వరుస కూర్చినవారి పేరు చెప్పుట పాడువారికి విధి. ఒకరి శ్రమను మరియొకరి పేర చెల్లించుట భక్తి కాదు. అది అన్నమాచార్యులకు కీర్తియును కాదు.

పాడిన మాటకు కట్టుబడుట

ఇప్పుడు అన్నింటికంటె బరువైన మాట విచారింపవలసియున్నది. పదకర్త లోకమును దిద్దెనని చెప్పుట సులభము. లోకము దిద్దుబాటునకు లోబడినదా?

తిరుప్పాణాళ్వారులు పాణర్ కులమునకు చెందినవారగుటచే కావేరి గట్టున నిలిచి, దూరమునుండియే రంగనాథుని పాడుచుండిరి. తీర్థమునకు వచ్చిన లోకసారంగముని వారిని తొలగుమని రాయి విసరెను. ఆ గాయము రంగనాథుని తిరుమేనిపై కనబడెనని కథ. స్వామి ఆజ్ఞచే ఆ మునియే ఆళ్వారులను తన భుజములపై నెక్కించుకొని గర్భాలయమునకు తీసికొనివచ్చెను. రాయి విసరిన చేతులే మోసినవి. శ్రీవైష్ణవులు ప్రతిదినమును అనుసంధించు ప్రబంధమున ఆ ఆళ్వారుల పది పాశురములు ఉన్నవి.

అన్నమాచార్యులును శ్రీహరి యెదుట ఎక్కువతక్కువలు నిలువవని తందనాన వరుసలో ఎలుగెత్తి చాటిరి. ఆ పదము నేడు సభలలో మ్రోగుచున్నది. పిల్లల పోటీలలో బహుమతులు పొందుచున్నది. తాళము వేయు చేతులెన్నియో గలవు. కాని పాట ముగిసి ఇంటికి చేరిన పిమ్మట, పనికి వచ్చిన స్త్రీకి వేరు గిన్నెలో మంచినీరు పోయు ఇల్లు ఆ పదమును పాడినట్లా? క్యూలో ముందున్న ముదుసలిని మోచేతితో త్రోసి, గోవిందా యని కేకవేసినచో ఆ గోవిందుడు ఎవరి పక్షమున నుండును? లోకసారంగముని విసరిన రాయి ఎవరికి తగిలినదో తెలిసినవారు ఈ ప్రశ్నకు ఉత్తరము వెదుకనక్కరలేదు.

పాటలోని మాధుర్యము చెవికి చెందినది. పాటలోని మాట నడతకు చెందినది. మాధుర్యమును మాత్రము గ్రహించి మాటను విడిచినచో, అది తేనె నాకి మందును ఉమిసినట్లగును. పదకర్తలు తేనెను కలిపినది మందు మింగుటకే.

గృహస్థులకు కర్తవ్యము

వెనుకటి కాలమున పాట వినవలయునన్న ఎవరో ఒకరు పాడవలసియుండెను. నేడు యంత్రము పాడుచున్నది. తెల్లవారగనే సుప్రభాతము వినబడును. ఇంటివారు తమ పనులు తాము చూచుకొందురు. వినుట మంచిదే, శ్రవణము నవవిధ భక్తులలో మొదటిది. కాని శ్రవణమునకు పిమ్మట కీర్తనము చెప్పబడినది. మొదటి మెట్టుపై నిలిచి, కొండ ఎక్కితిమని తృప్తిపడరాదు. గొంతులు మూగవోయినచో రాగిరేకులకు పట్టిన గతియే యంత్రములోని పాటకును పట్టును. అది భద్రముగనే యుండును. బ్రదికి మాత్రము ఉండదు.

కనుక గృహస్థులు దినమునకు ఒక్క పదమునైనను ఇంటిల్లిపాది కూడి పాడుకొనుట మేలు. స్వరము కుదరలేదని సిగ్గుపడనక్కరలేదు. రోటికడ పాడిన ఇల్లాండ్రు సంగీతశాస్త్రము చదివి పాడలేదు. పాడిన పదమునకు అర్థమును పిల్లలకు చెప్పవలయును. ఆ అర్థములో ఒక్కటియైనను ఆనాటి నడతలో కనబడునట్లు చూచుకొనవలయును. పెండ్లిలో తలంబ్రాలపాట, ఉయ్యాలకడ లాలి, శుభకార్యాంతమున మంగళహారతి ఇంటివారి గొంతుననే పలుకుట ఉచితము. తాళ్లపాకవారి శిష్యపరంపర రాజసభలో లేదు. అది ప్రతి ఇంటి ఉయ్యాలకడ ఉన్నది.

ఆళ్వారులను పాడించిన శ్రీరంగనాథుడును, అన్నమాచార్యులను పదునారేండ్ల ప్రాయమున పిలిచి పదములు చెప్పించిన శ్రీవేంకటేశ్వరుడును, భక్తులెల్లరకు పాడు గొంతును, పాడిన మాటను పాటించు మనస్సును అనుగ్రహించుగాక!